మొగిలవ్వ కనుబొమ్మలు

కోరుట్లలో ఎవరింట్లో ఆడపిల్ల పెళ్లయినా అప్పగింతల వేళకు మొగిలవ్వ ఉండాల్సిందే. చుట్టమా కాదా అన్న పట్టింపు లేదు, కబురు వచ్చేస్తుంది. ఆమె వచ్చి, పెళ్లికూతురి గడ్డం పట్టుకుని, తల వెనక్కి వాల్చి, "నా బిడ్డో, నన్నిడిసి పోతున్నవా బిడ్డో" అని ఒక్క రాగం తీసిందంటే చాలు, అప్పటిదాకా ఐస్‌క్రీమ్ దగ్గర తోసుకుంటున్న ఆడవాళ్లు కూడా కప్పులు కింద పెట్టి కొంగులు వెతుక్కుంటారు. ఒకసారి ఆమె తొందరలో ఒక ఫంక్షన్ హాలుకు బదులు దాని పక్క హాలులోకి వెళ్లి అదే రాగం తీసింది. అక్కడ జరుగుతున్నది పెళ్లి కాదు, ఎవరో చిన్నపిల్లకు పట్టుచీర కట్టించే ఫంక్షను. అయినా ఎవరూ ఆపలేదు సరికదా, ఆ పిల్ల మేనత్తలందరూ కలిసి ఏడ్చి, ముక్కులు తుడుచుకుని, మొగిలవ్వకు మటన్ కొసరి కొసరి వడ్డించి పంపారు.

ఆ మొగిలవ్వ కోడలే మన సృజన. ఇంటి ముందు గదిలో బ్యూటీ పార్లరు నడుపుతుంది. వెనక గదిలో అత్త బీడీలు చుడుతుంది. ఊళ్లో పెళ్లి కుదిరిందంటే పెళ్లికూతురిని ముస్తాబు చేయడానికి కోడలినీ, ఏడిపించడానికి అత్తనూ పిలుస్తారు. ఇద్దరూ ఒకే షేర్ ఆటోలో వెళ్తారు, ఆ ఆటో నడిపేది సృజన మొగుడు మహేశ్. ఇంటిల్లిపాదికీ పని దొరికింది కదా అని మురిసిపోవడానికి లేదు. పొద్దంతా కూర్చుని కోడలు దిద్దిన కళ్లను అత్త ఒక్క రాగంతో ఆగం చేసేస్తుంది. మొగిలవ్వ గొంతు ఎంత బాగా కుదిరితే సృజన పెట్టిన కాటుక అంత బాగా కారుతుంది.

అలా కారడం మామూలే కాబట్టి చాలాకాలం ఎవరూ పట్టించుకోలేదు. జగిత్యాలలో జరిగిన ఒక పెళ్లితో కొంప మునిగింది. ఆ పిల్ల చాలా చక్కని పిల్ల. సృజన ఆమెకు కొత్తగా తెచ్చిన చవక ఐలైనర్ పెట్టింది. మొగిలవ్వ ఆరోజు మంచి ఊపు మీద ఉంది. పిల్ల ఏడ్చింది, కళ్లు పులుముకుంది, మళ్లీ ఏడ్చింది. రెండు కళ్ల నుంచి గడ్డం దాకా రెండు నల్లటి కాలువలు దిగి, అక్కడి నుంచి పట్టుచీర మీదికి మళ్లాయి. ఆ వీడియో దుబాయ్‌లో ఉన్న పెళ్లికూతురి మేనమామలకు చేరింది. వాళ్లు కంగారుపడి ఫోను చేసి, "పిల్లకు దెబ్బ ఏమన్న తాకిందా?" అని అడిగారట. ఆ తరువాత సృజన పార్లరు బోర్డు మీద ఏ పేరు రాసి ఉన్నా, జనం నోట్లో మాత్రం అది నల్లకాలువ పార్లరు అయి కూర్చుంది.

సృజనది గంభీరావుపేట. వ్యవసాయం చేసుకునే ఇంటి పిల్ల, చేతిపని మీద మొండి పట్టుదల ఉన్న మనిషి. ఈ అపవాదు ఎలా కడుక్కోవాలా అని ఆమె మథనపడుతున్న రోజుల్లోనే ఆడబిడ్డ శ్రీలతకు సంబంధం కుదిరింది. పిల్లవాడు రవీందర్, సిరిసిల్లలో సాంచాల కార్ఖానాలో మరమగ్గాల మీద బట్ట నేసే పని, ఇల్లు పక్కనే తంగళ్లపల్లి. మాటామంతీ అయిపోయి అందరూ చాయ్ తాగుతున్నప్పుడు పెళ్లికొడుకు తల్లి సమ్మవ్వ, తన వెంట వచ్చిన పెద్ద కోడలు సరితను చూపించి నవ్వుతూ ఒక మాట అన్నది.

"మా పెద్ద కోడలు అప్పగింతలప్పుడు ఒక్క సుక్క రాల్వలే. మేమంత కండ్లు ఇంత చేసుకోని సూస్తిమి, కాటుక పెట్టింది పెట్టినట్టే ఉండె. గప్పటిసంది మా ఇంట్ల దీన్ని ఎండుకండ్లదనే అంటం."

అందరూ నవ్వారు. సరిత కూడా నవ్వింది కానీ చాయ్ గ్లాసులోకి చూస్తూ నవ్వింది. తరువాత ఆమె కనుబొమ్మలు తీయించుకుంటానని పార్లరు కుర్చీలో కూర్చుని, దారం పళ్ల మధ్య పట్టుకుని ఉన్న సృజనకు అసలు సంగతి చెప్పుకుంది.

"అప్పుడు నాకు జరం అక్కా. ఒళ్లంత కాలిపోతుంటె కండ్లళ్ల నీళ్లు ఏడికెళ్లి అస్తయి? పిల్లలు పుట్టి బడికి గూడ పోతున్నరు, ఇంక గదే పేరు. కూరల ఉప్పెక్కువైతె ఎండుకండ్లది. బర్రె పాలియ్యకపోతె ఎండుకండ్లది. అత్తమ్మ మనసు మంచిదే. కని నోట్లె ఒక్కసారి పేరు పడ్డదా, ఇగ పోదు."

తలుపు చాటు నుంచి మొగిలవ్వ ఆ మాటలన్నీ విన్నది. ఆమెకు ఆ రాత్రి అన్నం సహించలేదు. ఎందుకంటే శ్రీలత ఏడ్చే పిల్ల కాదు. చిన్నప్పుడు చెయ్యి విరిగితే కట్టు కట్టే మనిషి మీసం చూసి నవ్విన పిల్ల. పదో తరగతి లెక్కల్లో ఫెయిలైతే, తనతోపాటు ఫెయిలైన వాళ్లందరి పేర్లు చదివి నవ్విన పిల్ల. జగిత్యాలలో బట్టల దుకాణంలో పనిచేస్తూ, బేరమాడే వాళ్లను కూడా నవ్వించి పంపే పిల్ల.

"ఊరందరి బిడ్డలను ఏడిపిస్తిని. నా బిడ్డ ఏడ్వకపోతె మొగిలవ్వ బిడ్డకే కండ్లళ్ల నీళ్లు లేకపాయె అనరా? ఎండుకండ్లది రెండోది గూడ అచ్చిందని జిందగీ అంత అంటరు," అన్నది కోడలితో.

"ఏడ్పు నీ జిమ్మ, మొకం నా జిమ్మ అత్తమ్మ," అన్నది సృజన. "నువ్వు ఏడిపియ్యి. కాటుక కారకుంట నేను సూస్త." ఈ రెండు మాటలూ ఒకదానికొకటి పొసగవని అత్తకూ తట్టలేదు, కోడలికీ తట్టలేదు. ఎవరి పని ధ్యాసలో వాళ్లున్నారు.

సృజన జగిత్యాల టవర్ దగ్గరి హోల్‌సేల్ దుకాణానికి వెళ్లి ఐలైనర్లూ, ఐబ్రో పెన్నులూ సంచీడు తెచ్చింది. సినిమావాళ్లు వాడే కంపెనీల జోలికి పోలేదు. అంత ఖరీదువి పెడితే బిల్లు చూసి పెళ్లికూతురి కంటే ముందు పెళ్లికూతురి తండ్రి ఏడుస్తాడు. చవకవాటిలోనే నమ్మకమైనది ఏదో తేల్చాలి. అన్నింటి మీదా 'వాటర్‌ప్రూఫ్' అని రాసే ఉంది, ఒకదాని డబ్బా మీదైతే నీళ్లలో ఈదుతున్న పిల్ల బొమ్మ కూడా ఉంది. రాయడానికేం, ఎవరైనా రాస్తారు.

ముందు ఐలైనర్ల సంగతి. కొన్ని సీసాలో కుంచె ముంచి గీసేవి, కొన్ని స్కెచ్ పెన్ను లాంటివి. కుంచెవి నల్లగా నిగనిగలాడతాయి, కానీ ఆరేదాకా రెప్ప ఎత్తకూడదు. పెళ్లింట్లో ఎవరో ఒకరు "ఇటు సూడు బిడ్డా" అనకుండా ఉండరు. పిల్ల చూసిందంటే పైరెప్ప మీద రెండో గీత పడుతుంది, పెళ్లికూతురికి నాలుగు కళ్లవుతాయి. అదీగాక కొన్ని ఆరినాక పాత సున్నంలా పెచ్చులు లేచాయి. ఒకటి చల్లనీళ్లకు జంకలేదు కానీ అన్నం గంజి వార్చేటప్పుడు ఆవిరి తగలగానే చిక్కుడు తొక్కలాగా నిలువునా ఊడి వచ్చింది. ఇంకొకటి దీనికి పూర్తిగా విరుద్ధం. నీళ్లు, సబ్బు, ఇసుక దేనికీ పోలేదు. దాన్ని మహేశ్ ముంజేతి మీద గీసింది. అతను ఆ గీతలతోనే కోరుట్లకూ జగిత్యాలకూ తిరుగుతుంటే ఆటోలో ఎక్కినవాళ్లు, "ఏందన్నా, ఏమన్న కేసుల బుక్కయినవా?" అని పరామర్శించారు. ఆఖరికి కొబ్బరినూనె రుద్దితే వదిలింది.

ఐబ్రో పెన్నులది ఇంకో అవస్థ. గోధుమరంగు అని రాసి ఉన్నది గీస్తే ఇటుకరంగు వచ్చింది. ఇంకొకటి ఆరుతూ ఆరుతూ పచ్చగా తిరిగింది. ఈ పెన్నుల గొడవంతా ఎందుకు, కంటికి పెట్టేదే కనుబొమ్మకూ పెట్టేస్తే పోలేదా అని మామగారు లక్ష్మీరాజం నుదుటి మీద ఐలైనర్‌తో గీసి చూసింది. భాగోతంలో రాక్షస వేషం కట్టినట్టు తయారయ్యాడు. అది చూసి శ్రీలత నవ్విన నవ్వు వాడకట్టంతా వినిపించింది. ఆయన మాత్రం ముంజేతులకు కూడా రకరకాల గీతలు గీయించుకుని, మోకు భుజాన వేసుకుని కల్లు గీయడానికి తాళ్లల్లోకి వెళ్లిపోయాడు. తాటిచెట్టు ఎక్కి దిగేసరికి పట్టే చెమటకు ఏది ఆగుతుందో చూడటానికి కోడలు పెట్టిన పరీక్ష అది. కల్లుకు వచ్చినవాళ్లు ఏమడిగారో, ఈయన ఏం చెప్పాడో తెలియదు. ఇంటికొచ్చి, "ఎడమ చేతిది మంచిగున్నది బిడ్డా" అని మాత్రం చెప్పాడు.

పెన్నులన్నింటిలోకీ చవకది ఒకటి ఉంది. దాని కొన దువ్వెన పళ్లలాగా నాలుగుగా చీలి ఉంటుంది. గీస్తే వెంట్రుక పక్కన వెంట్రుక మొలిచినట్టు కనుబొమ్మ వస్తుంది. రంగు కూడా మనిషి వెంట్రుకల రంగే. సృజన దానికి దాసోహమైపోయింది. కానీ తడి వేలు తగిలిందా, గోధుమరంగు నీళ్లయి జారిపోతుంది. ఇంత అందమైనది ఇంత పిరికిదెందుకయిందో అని బాధపడుతూ పక్కన పెట్టేసింది. శ్రీలతకు కొంచెం మొరటుదైనా చెమటకు ఆగే ఇంకో పెన్ను ఎంచింది.

మిగిలింది కన్నీటి పరీక్ష. స్కెచ్ పెన్ను లాంటి ఐలైనర్ ఒకటి అన్ని పరీక్షలకూ నిలబడింది. అత్తను కుర్చీలో కూర్చోబెట్టి దాన్ని కళ్లకు పెట్టింది. చేయి ఊరుకోక, ఆ చీలుకొన పెన్నుతో కనుబొమ్మలు కూడా దిద్దింది.

"అత్తమ్మ, ఇగ జర ఏడ్వరాదు."

"ఎవల కోసం?"

"ఎవల కోసమైతేంది, నీళ్లు రావాలె. ఉల్లిగడ్డ తేవాల్నా?"

మొగిలవ్వకు రోషం వచ్చింది. "ఉల్లిగడ్డ నీళ్లు ఉత్త నీళ్లు పిల్లా. కడుపులకెళ్లి అచ్చే నీళ్లు ఏరే ఉంటయి, ఉడుకుడుకుగ, ఉప్పుప్పగ. గవ్విటికి ఆగితెనే నీ పెన్ను ఆగినట్టు." ఎవరి కోసం ఏడవాలా అని కాసేపు ఆలోచించింది. చచ్చిపోయిన దగ్గరి వాళ్లందరి కోసం ఇప్పటికే కడుపారా ఏడ్చి ఉంది, ఎవరికీ బాకీ లేదు. "పోయినేడు మన బర్రె సచ్చిపాయె గదా. పాపం దానికి ఎవ్వలు ఏడ్వనే లేదు," అని తల వెనక్కి వాల్చింది.

ఆ ఏడుపు ఏడుపు కాదు. "ఇంటికి పెద్దదిక్కుగ ఉంటివో, పొద్దుగూకంగ తొవ్వ సూసినో, నన్ను ఒక్కదాన్ని చేసి పోతివో" అని ఆమె రాగం అందుకునేసరికి పార్లరు అద్దం ముందున్న పౌడరు డబ్బాలు కూడా వణికినట్టయింది. పక్కింటి కిష్టయ్యకు గోడ అవతల అన్నం తింటూ ఉండగా ఈ రాగం వినిపించింది. మొగిలవ్వ సొంత ఇంట్లో ఈ రాగం తీసిందంటే అర్థం ఒక్కటే. ఆయన చెయ్యి కడుక్కోకుండానే పరుగెత్తుకొచ్చి గుమ్మంలో కూలబడ్డాడు.

"రాజం, మునగచెట్టు కొమ్మ కోసం నీతోని మాట్లాడుడు బంద్ చేస్తిని గదరా. గా కొమ్మ ఎటన్న పెరగనీ, నేను అడ్డం రానురా. నాదే తప్పురా రాజం," అని తల కొట్టుకున్నాడు.

అప్పుడే తాళ్లల్లో నుంచి వచ్చిన లక్ష్మీరాజం మోకు దింపి, "ఎవలు పోయిన్రు కిష్టన్నా?" అని పక్కన కూర్చున్నాడు.

కిష్టయ్య ఆయన్ను పైనుంచి కిందికి చూశాడు. కళ్లు తుడుచుకుని లేచాడు. "గా కొమ్మ రేపు పొద్దుగాల కొట్టేయకపోతె మంచిగుండది," అని వెళ్లిపోయాడు.

సృజనకు ఇదేదీ పట్టలేదు. అత్త కళ్లలోకి తొంగి చూస్తోంది. నీళ్లు చెంపల మీదుగా చెవుల్లోకి పోయాయి కానీ ఐలైనర్ గీసింది గీసినట్టే ఉంది. కనుబొమ్మలు కూడా చెక్కుచెదరలేదు. అదీ నిజమే, కన్నీళ్లు కిందికే కారతాయి, నుదుటి మీదికి ఎక్కవు కదా. "గెలిచినం అత్తమ్మ!" అని ఎగిరి గంతేసింది.

మొగిలవ్వ అద్దంలోకి చూసుకుంటూ ఉండిపోయింది. వయసు మీదపడి ఆమె కనుబొమ్మలు ఎప్పుడో రాలిపోయాయి. "పెండ్లినాడు నాకు గిట్లనే ఉండె పిల్లా. మా అవ్వ మురిసిపోతుండె," అన్నది చిన్నగా. "శ్రీలత పెండ్లినాడు నాకు గివే పెట్టు." ఎన్నడూ బొట్టు తప్ప ఏమీ పెట్టుకోని అత్త ఆ మాట అడిగేసరికి సృజనకు మనసులో ఎంతో ముచ్చటేసింది. పెడతానని మాట ఇచ్చింది.

పెళ్లి కోరుట్లలోనే, ఫంక్షన్ హాలులో జరిగింది. సృజన తెల్లవారకముందే లేచి శ్రీలతను ముస్తాబు చేసింది. కళ్లకు గెలిచిన ఐలైనర్, కనుబొమ్మలకు మొరటు పెన్ను. మూడు ముళ్లు పడేటప్పుడు కూడా శ్రీలత నవ్వుతూనే ఉంది. తలంబ్రాల దగ్గర రవీందర్ ముక్కులోకి బియ్యపు గింజ పోయి తుమ్మితే పంతులుతో సహా అందరినీ నవ్వించింది. ఫొటోలు తీసేవాడు, "అక్కా, ఫొటోలళ్ల కండ్లు మస్తుగ అచ్చినయ్," అని సృజనను మెచ్చుకున్నాడు. పట్టుచీరలో, గీసిన కనుబొమ్మలతో మొగిలవ్వ కూతురి పక్కన తిరుగుతుంటే, ఈమె ఎవరని సొంత చుట్టాలే అడిగారు. నల్లకాలువ అన్న మాట ఇక ఎవరి నోటా రాదని సృజన గాలిలో తేలిపోతోంది.

సాయంత్రం ఒడిబియ్యం పోశాక అప్పగింతలు మొదలయ్యాయి. తంగళ్లపల్లి ఆడవాళ్లు ముందు వరుసలో కుర్చీలు లాక్కుని, సినిమా మొదలయ్యే ముందు కూర్చున్నట్టు సర్దుకుని కూర్చున్నారు. నడుమ సమ్మవ్వ, ఆమె వెనక సరిత. ఇటువైపు కోరుట్ల వాళ్లందరూ మొగిలవ్వ నోటి వంక చూస్తున్నారు. ఊరందరికీ ఇచ్చిన రాగం, ఇవాళ సొంత బిడ్డకు ఇంకెలా ఉంటుందో అని.

మొగిలవ్వ శ్రీలత గడ్డం పట్టుకుంది. తల వెనక్కి వాల్చబోయింది. నోరు తెరిచింది. రాగం రాలేదు. మళ్లీ నోరు తెరిచింది, గొంతులో గాలి తప్ప ఏమీ లేదు. బర్రె కోసం కూడా వచ్చిన రాగం బిడ్డ కోసం రాలేదు. ఆమె పెదవులు ఊరికే కదులుతున్నాయి.

శ్రీలత తల్లి నోటి వంక చూసింది. పుట్టి బుద్ధెరిగినప్పటి నుంచి ఆ నోరు మూతపడగా చూడని పిల్ల. "అవ్వా," అన్నది. "అవ్వా, ఏమన్న అను," అన్నది. అంతే, జన్మలో ఏడవని పిల్ల భోరుమంది. భుజాలు కదిలిపోయేలా, ఎక్కిళ్లు పెట్టి, కూడబెట్టిందంతా ఒక్కసారే ఏడ్చింది.

పక్కనే నిలబడ్డ సృజనకు ఆ కన్నీళ్లు కనిపిస్తున్నాయి. కానీ ముందు వరుసకు కనిపించలేదు. కనిపించేలా కాటుక కారితే కదా! లైట్ల వెలుగులో తడిసిన బుగ్గలు ముస్తాబులో భాగంలాగే మెరుస్తున్నాయి. కళ్లు అప్పుడే దిద్దినట్టు ఉన్నాయి. సమ్మవ్వ మెడ ముందుకు చాచి, ఇటునుంచి చూసి, అటునుంచి చూసి, వెనక్కి తిరిగింది.

"సరితా, నీకు తోడు దొరికింది పో. ఉత్తగ సప్పుడు చేస్తుంది, సుక్క నీళ్లు లెవ్వు. కాటుక సూడు, పెట్టింది పెట్టినట్టే ఉన్నది."

ఆ మాట సృజన చెవిన పడింది. ఇన్నాళ్లూ చెమటకూ ఆవిరికీ బర్రె శోకానికీ ఆగాలని వెతికి వెతికి తెచ్చిన పెన్ను, ఇప్పుడు ఆడబిడ్డ ఏడుపును దొంగిలించి కూర్చుంది. ఎండుకండ్లది అన్న పేరు తన చేత్తో తనే రాసిపెట్టినట్టయింది. పేరు పడిందంటే ఇక పోదు, సరిత చెప్పనే చెప్పింది. తడి దూదితో ఎలాగైనా ఆ కాటుక పులుముదామని ముందుకు వెళ్లబోయి ఆగింది. నీళ్లకు పోదు కదా! సంచిలో కొబ్బరినూనె సీసా కోసం చెయ్యి పెట్టి పిచ్చిదానిలా దేవులాడింది. దువ్వెన దొరికింది, పిన్నులు దొరికాయి, నూనె మాత్రం దొరకలేదు.

ఆలోపు మొగిలవ్వ రాగం సంగతి వదిలేసి కూతురిని వాటేసుకుంది. పొట్టి మనిషి. ఆమె నుదురు సరిగ్గా శ్రీలత బుగ్గకు ఆనింది. పిల్ల కన్నీళ్లన్నీ తల్లి నుదుటి మీదే పడుతున్నాయి. ఇద్దరూ అలా ఎంతసేపు ఉన్నారో, విడదీద్దామని వచ్చిన లక్ష్మీరాజం కూడా చెయ్యి ఎత్తి, మళ్లీ దించేశాడు.

చివరికి మొగిలవ్వ తల ఎత్తింది. హాలంతా ఒక్కసారి "అయ్యో" అన్నది. శ్రీలత బుగ్గ మీద కంటి దగ్గర నుంచి దవడ దాకా గోధుమరంగు చారలు కారుతున్నాయి. ఒకటి మెడ మీదికి దిగి పూలదండ తెల్లపూలను కూడా అంటుకుంది. మొగిలవ్వ నుదురు మాత్రం కడిగిన గిన్నెలా ఉంది.

సమ్మవ్వ కుర్చీలోంచి లేచిపోయింది. "అయ్యో అయ్యో, బిడ్డ కాటుకంత కారిపాయె! గింతగనం ఏడుస్తరా బిడ్డా!" అంటూ వచ్చి, తన కొత్త చీర కొంగుతోనే ఆ బుగ్గ తుడిచింది. తుడుస్తూ తుడుస్తూ తనూ ఏడ్చింది. "ఊకో బిడ్డా. తంగళ్లపల్లి ఏమన్న దేశాలవతల ఉన్నదా? యాదికస్తె బస్సెక్కిస్త. మీ అవ్వను పిలిపిస్త. ఊకో," అని శ్రీలతను గుండెకు హత్తుకుంది. ముందు వరుసంతా కొంగులు తీసింది. కోరుట్ల వాళ్లూ తీశారు. రాగం లేకుండా అంత ఏడుపు ఆ హాలులో ఎన్నడూ జరగలేదు.

సృజన చేతిలో దూది అలాగే ఉంది. ఎవరో చెవి దగ్గరికి వచ్చి, "అక్కా," అన్నారు. సరిత.

"కండ్లకు నల్లది పెట్టినవ్ గదా. గోధుమరంగు కారిందేంది?"

సృజన దూదిని గుప్పిట్లో దాచుకుంది. "నీకు కనవడ్డదా?" అన్నది మెల్లగా.

"ఎండుకండ్లు గదా, మంచిగ కనవడ్తయి," అన్నది సరిత. కొంగు చాటున నవ్వింది. "నేను చెప్ప తియ్. పిల్ల మంచిగుండాలె." ఆ మాట అంటున్నప్పుడు ఆమె కళ్లలో నీళ్లు నిండుగా ఉన్నాయి. ముందు వరుసలో ఒక్కరైనా వెనక్కి తిరిగి అవి చూడలేదు. సృజన చూసింది, సరిత చెయ్యి గట్టిగా పట్టుకుంది.

కారు తంగళ్లపల్లి వైపు వెళ్లిపోయాక ఇల్లు చేరారు. మహేశ్ కిరాయి సామాను లెక్క చూసుకుంటూ హాలులోనే ఉండిపోయాడు. లక్ష్మీరాజం బయట గద్దె మీద కూర్చున్నాడు. ఎప్పుడూ ఏదో ఒక నవ్వు వినిపించే ఇంట్లో చప్పుడు లేదు. సృజన అత్త జడలో పూలు తీద్దామని పార్లరు కుర్చీలో కూర్చోబెట్టి లైటు వేసింది. మొగిలవ్వ అద్దంలో తన ముఖం చూసుకుంది.

"నా బొమ్మలేయి పిల్లా?"

"శ్రీలత తీస్కపోయింది అత్తమ్మ. బుగ్గ మీద పెట్టుకోని పోయింది."

మొగిలవ్వ బోసి నుదుటిని వేలితో తడుముకుంది. అద్దంలోకి ఇంకాసేపు చూసింది. ఆపైన తల నెమ్మదిగా వెనక్కి వాలింది. హాలులో ఎంత పిలిచినా పలకని రాగం ఇప్పుడు, వినడానికి ఊరు లేనప్పుడు, తనంతట తాను లేచి వచ్చింది.

"నా బొమ్మలు గూడ తీస్కపోతివా బిడ్డో... నా నవ్వుల బిడ్డో... నేనెవల మొకం సూడాలె బిడ్డో..."

గోడ అవతల కంచం కిందపడ్డ చప్పుడైంది. కిష్టయ్య ఒంటి చెప్పుతో పరుగెత్తుకొచ్చాడు. గద్దె మీద కూర్చున్న లక్ష్మీరాజం ఆయన అడగకముందే చెయ్యి పైకెత్తాడు.

"నేనున్ననే కిష్టన్నా. గీసారి బర్రె కోసం గాదు."

కిష్టయ్య కొమ్మ ఊసు ఎత్తలేదు. వచ్చి ఆయన పక్కన కూర్చున్నాడు. లోపల సృజన అత్త కాళ్ల దగ్గర నేల మీద కూర్చుండిపోయింది. మంచి పెన్నంతా పెళ్లికూతురికే వాడి, తన కళ్లకు ఇంట్లో ఉన్న మామూలు కాటుకే పెట్టుకుంది సృజన. అది గడ్డం దాకా కారింది, తుడుచుకోలేదు.